సెలూనాయన రాసిన నరకం

పుస్తకం రాసినాయన సెలూన్లో హాయిగా కత్తెర ఆడించుకుంటుంటే తిట్లు తినేది నేను. ఇదెక్కడి న్యాయం? నేను చేసిందల్లా బైండింగు. అచ్చయి వచ్చిన కాగితాలు మడిచాం, కుట్టాం, జిగురు పెట్టి అట్ట వేశాం, అంచులు కోశాం. లోపల ఏముందో నేను చూడను. చేతికొచ్చిన ప్రతి పుస్తకం చదువుతూ కూర్చుంటే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

కానీ ఆ మహానుభావుడు కాపీలన్నీ మా ముందుగదిలోనే పెట్టించాడు. సెలూన్లో పెడితే వెంట్రుకలు పడతాయట. దాంతో కొనేవాళ్ళూ మా గుమ్మమే ఎక్కారు, చదివి కడుపులో తిప్పినవాళ్ళూ మా గుమ్మమే ఎక్కారు.

మొదట వచ్చింది టైలరు. పుస్తకాన్ని పేపర్లో చుట్టి, చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇది ఇంట్లో ఉన్నంతసేపూ మా ఆవిడ వంటింట్లో ఒక్కతే ఉండనంటోందమ్మా. మీ దగ్గరే ఉంచండి" అన్నాడు. ఆ వెనకే బ్యాంకు క్లర్కు వచ్చాడు. ఆయనకి నవ్వాగలేదు. "భలే రాశాడండీ. మా మేనేజర్ని ఏ గదిలో వేయాలా అని తేల్చుకోలేక చస్తున్నా" అని ఇంకో కాపీ తీసుకెళ్ళాడు, ఆ మేనేజరుకే ఇస్తాడట. కాలేజీ అమ్మాయి ఒకతి నిలబడి ఒకటే తిట్టు. అంత రోత ఎక్కడా చదవలేదంది, రెండుసార్లు వాంతి చేసుకున్నానంది. మరి మధ్యలో ఆపెయ్యొచ్చుగా అంటే నా వైపు వెర్రిదాన్ని చూసినట్టు చూసి, "ఎలా ఆపుతానాంటీ?" అంది.

నూనె మూకుళ్ళూ రంపాలూ ఉంటాయనుకుని కొన్నవాళ్ళకి అందులో అవేవీ దొరకలేదు. సెలూనాయన నరకంలో వరసగా గదులుంటాయి. ఎవడు దేన్ని పాడుచేశాడో దాన్ని వాడే, తన చేతులతో, మళ్ళీ బాగుచేయాలి. గొంతు కోసినవాడు ఆ గొంతుని తనే కుట్టాలి, నరం నరం వెతికి. అబద్ధాలాడి కొంపలు కూల్చినవాడు తన నాలుక తనే నమిలి మింగి, కక్కి, అతికించుకోవాలి. పని పూర్తవగానే అంతా మళ్ళీ మొదటికొస్తుంది. ఇవన్నీ వచ్చిపోయేవాళ్ళు నాకు పూసగుచ్చినట్టు చెప్పినవే.

దీని దెబ్బ సెలూనాయనకీ తగిలింది. క్రాపుకి వస్తున్నారు గానీ గెడ్డానికి రావడం మానేశారు జనం. ఆ గొంతు కుట్టే గది చదివాక ఆయన కత్తి కింద మెడ చాపాలంటే ధైర్యం చాలడం లేదట. పాపం ఆయన నెత్తిమీద నీళ్ళు చల్లేముందు కూడా "చల్లగా ఉంటాయి సార్" అని చెప్పి మరీ చల్లే మనిషి. ఇంత నెత్తురు ఎక్కడ దాచుకున్నాడో అని నేనూ ఆశ్చర్యపోయాను.

ఇవన్నీ నాకు నవ్వులాటే. గుండె జారిపోయింది మాత్రం మా అక్కని చూసి.

అక్కా నేనూ ఉంటాం ఇంట్లో. మడిచిన కాగితాలు బొత్తులుగా పెద్దబల్ల చుట్టూ పేర్చి ఉంటాయి. ఒక్కో మడత పదహారు పేజీలు, దాన్నే మేం ఫారం అంటాం. అక్క బల్ల చుట్టూ తిరుగుతూ ఒక్కో బొత్తి మీంచి ఒక్కో ఫారం తీసి వరసగా చేర్చి నాకిస్తే నేను కుడతాను. ఈ పుస్తకం పని మొదలైన దగ్గర్నుంచీ ఆ తిరగడంలో ఏదో తేడా వచ్చింది. ఒకచోట ఆగిపోయేది. పిలిస్తే పలికేది కాదు. కాపీలు తయారయ్యాక ఒకటి తీసుకుని, ఎప్పుడు చూసినా అందులో ఒకేచోట తెరిచి, పెదాలు కదుపుతూ చదివేది. తిండి తగ్గింది. జాకెట్లు భుజాల మీంచి జారుతున్నాయి. ఒకరోజు మధ్యాహ్నం నేను జిగురు కలుపుతుంటే వెనక నించి మెల్లిగా, "లేదమ్మా, ఇదిగో" అంది. నన్నేమో అని తిరిగి చూశాను. గోడ వైపు చూస్తూ ఉంది.  అమ్మ పోయాక నాకు అమ్మంటూ ఉంటే ఆవిడే. ఆ మనిషి నా కళ్ళముందే చిక్కి సగమైపోతుంటే, పుస్తకాలన్నీ పట్టుకెళ్ళి పొయ్యిలో పెడదామా అనిపించింది.

నా భయానికి కారణం ఉంది. మా బావ బస్సు డ్రైవరు. సరదా మనిషి. బ్రేకుని మేనత్త అనేవాడు, ఎవరు ఎగిరినా కళ్ళెర్రజేసి కూర్చోబెడుతుందని. యాక్సిలరేటరేమో మరదలట, ముట్టుకుంటే ఉరుకుతుందని. అది నన్ను ఆటపట్టించడానికే. నాకు స్కూటరు నేర్పినప్పుడు కూడా "మేనత్తని నమ్ముకో, మరదల్ని నమ్మకు" అని వీధంతా వినబడేలా అరిచేవాడు. అలాంటి మనిషి బస్సు కింద రెండేళ్ళ కిందట ఒక బడిపిల్ల పడింది. బ్రేకు పట్టలేదని పరీక్షలో తేలింది, ఆయన తప్పేం లేదని కాగితం ఇచ్చారు. ఆ కాగితం ఆయన విప్పి కూడా చూడలేదు. ఆ రోజు నించీ ఇంట్లో మాట బందు. అక్క బతిమాలింది, తిట్టింది, కాళ్ళ దగ్గర కూర్చుంది. ఒక్క ముక్క చెప్పలేదు. వింతేమిటంటే గెడ్డం మాత్రం మాయలేదు. రోజూ పొద్దున్నే వెళ్ళి నున్నగా గీయించుకొచ్చేవాడు. అది చూసి మనిషి కోలుకుంటున్నాడని మేం సంబరపడ్డాం. కొన్ని నెలలకి నిద్రలోనే గుండె ఆగిపోయింది. ఆ తర్వాతే అక్క నా దగ్గరికి వచ్చేసింది.

అలాంటి ఇంటికి నరకం పుస్తకాన్ని నేనే తెచ్చిపెట్టుకున్నాను చూడండి. బావ అక్కడున్నాడని అక్క భయపడుతోందనుకున్నాను. ఎలాగైనా ఆ భయం వదిలించాలి, అదే నేను పట్టిన పట్టు.

ఆదివారం సాయంత్రం మందుల షాపాయనా ఆస్పత్రి హెడ్ నర్సమ్మా ఒకేసారి వచ్చారు. అక్క లోపల గదిలో పడుకుంది. షాపాయన కూర్చుంటూనే మొదలెట్టాడు. "ఎవరేమన్నా అనండి, ఆ ముగింపుకి దణ్ణం పెట్టాలి. అలాంటి ముగింపు ఎవడూ రాయలేడు."

నర్సమ్మ ముక్కు విరిచింది. "నాకదే నచ్చలేదు. అన్ని గదులూ గుండె గట్టిచేసుకుని చదివానా, చివరికి ఎవరో వచ్చి ఆఖరి గదిలో ఉన్న ఆ బస్సు డ్రైవరు చేతుల మీద నీళ్ళు పోస్తారు, వాడన్నీ మర్చిపోతాడు, తలుపు తీసుకుని వెళ్ళిపోతాడు. అంతేనా? నేను చూసే చావుల్లో ఎవరికి దొరుకుతున్నాయండీ అలాంటి నీళ్ళు?"

"నీళ్ళేమిటి?" అన్నాడు షాపాయన. "వెళ్ళిపోవడమేమిటి? వాడు మళ్ళీ అదే రోడ్డు మీదికి వస్తాడు కదా. అక్షరం మారకుండా ఆ పదహారు పేజీలూ మళ్ళీ రాశాడు. ఆఖరికి పేజీ నంబర్లు కూడా వెనక్కి వెళ్ళిపోయాయి. నరకంలో కాలం వెనక్కి తిరుగుతుందని ఎంత గొప్పగా చూపించాడండీ. నాకు చెమటలు పట్టాయి."

నాకూ పట్టాయి. ఆయన మాట పూర్తవకముందే చేతిలో కాపీ లాక్కున్నాను. పదకొండో ఫారం ఉండాల్సిన చోట పదకొండోది ఉంది. ఆఖరిది, పన్నెండోది ఉండాల్సిన చోట మళ్ళీ పదకొండోదే ఉంది. కుట్టు నాదే, శుభ్రంగా ఉంది. నేను తనిఖీ చేసేదెలాగంటే, పుస్తకాలన్నీ పక్కపక్కన పడుకోబెట్టి పైన అరచేత్తో రాస్తాను. ఏదైనా ఫారం తగ్గితే ఆ పుస్తకం పల్చగా చేతికి తెలుస్తుంది. ఒకటి తగ్గి ఇంకొకటి పెరిగితే నా అరచేతికేం తెలుస్తుంది? పైగా పదకొండోది చాలకపోతే ప్రెస్సువాడు తక్కువ వేశాడని వాడిని నానా మాటలూ అన్నాను.

వాళ్ళిద్దరికీ ఏదో సర్దిచెప్పి పంపించి మిగిలిన కాపీలు తిరగేశాను. ఇంచుమించు సగం అలాగే ఉన్నాయి. ముగింపు మెచ్చుకున్నవాళ్ళంతా తప్పు కాపీలు చదివినవాళ్ళన్నమాట. చిత్తుకాగితాల బస్తా తిరగబోస్తే అడుగున ఆఖరి ఫారాలు, మడత నలగకుండా, కట్టకట్టి ఉన్నాయి. పొరపాటున పడ్డ కాగితాలకి దారం కట్టి ఉండదు.

ఒక కట్ట పట్టుకుని లోపలికి వెళ్ళాను. అక్క మంచం మీద లేచి కూర్చుని ఉంది, ఒళ్ళో ఆ పుస్తకమే.

"ఏమిటే ఇది? తెలిసే చేశావా?"

"మొదట తెలియదు" అంది. "చేయి ఆ బొత్తి దగ్గరికే వెళ్ళింది. తర్వాత తెలిసింది. ఆపలేదు."

నాకు కోపం నసాళానికంటింది. పాతికేళ్ళ పేరు గంగలో కలిపావు అని అరిచాను. అంతలోనే ఆవిడ మెడ దగ్గర ఎముకలు కనిపించాయి. పక్కన కూర్చుని కట్ట విప్పాను. "అక్కా, ఇది చదవలేదా నువ్వు? ఇందులో వాడు బయటపడతాడు. నర్సమ్మ చెప్పింది. అన్నీ మర్చిపోయి వెళ్ళిపోతాడట. నువ్వింక బెంగపడక్కర్లేదు."

"చదివాను. అందుకే తీసేశాను."

"అదేమిటే?"

"బతికున్నప్పుడు ఒక్క మాట చెప్పలేదు నాకు. ఇందులో చెప్తున్నాడు. నోరు విప్పి ఒక్కొక్కటీ చెప్తున్నాడు. ఆ వెంటనే నీళ్ళు పోసి మరిపించేస్తారా? చెప్పనీ. ఇంకోసారి చెప్పనీ."

"ఆయన్ని ఆ రోడ్డు మీదికి రెండోసారి తోశావే నువ్వు" అన్నాను. ఎందుకన్నానో తెలియదు, నేనూ ఆ పిచ్చిలో పడ్డట్టు.

"నేను పక్కనే ఉన్నాగా" అంది అక్క.

అప్పుడు గట్టిగానే చెప్పాను. ఇది కథ, సెలూనాయన కూర్చుని అల్లింది, ఆ డ్రైవరు ఎవడో ఊహలో మనిషి, మన బావకీ దీనికీ ఏ సంబంధమూ లేదు, బుద్ధి ఉన్నదానివైతే పుస్తకం ఇటివ్వు అన్నాను. అక్క పేజీ తెరిచి నా చేతికిచ్చింది. నా చేత్తో కుట్టిన పుస్తకాన్ని మొదటిసారి చదివాను.

"ముందు చెప్పు కనిపించింది. గులాబీరంగు చెప్పు, ఒకటే. పిల్ల తర్వాత కనిపించింది. మేనత్త మీద కాలు వేశాను. మేనత్త పలకలేదు."

ఆ మాట మళ్ళీ ఒకసారి చదివాను. బ్రేకుని అలా పిలిచే మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉండేవాడు. ఆపకుండా చదివాను. దిగి ఏరుకో అంటుంది ఒక గొంతు. వాడు దిగుతాడు. టైరు సందుల్లోంచి జుట్టు విడదీస్తాడు. వేళ్ళు ఏరి ఏది ఏ చేతిదో చూసుకుని, సూదీ దారంతో ఒక్కొక్కటే కుడతాడు. పగిలిన దవడ కింద తన చొక్కా మడిచిపెట్టి సరిచేస్తాడు. చివరి కుట్టు పడగానే పిల్ల కళ్ళు తెరుస్తుంది. "అంకుల్, బస్సు వెళ్ళిపోయిందా?" అని అడుగుతుంది. "లేదమ్మా, ఇదిగో" అంటాడు వాడు. వెళ్ళి సీట్లో కూర్చుంటాడు. కాళ్ళ కింద రోడ్డు కదులుతుంది. ముందు చెప్పు కనిపిస్తుంది.

పుస్తకం మూసి మంచినీళ్ళు తాగడానికి వెళ్ళాను. గుమ్మం దగ్గర నా చెప్పుల్లో ఒకటి బోర్లా పడి పక్కకి జరిగి ఉంది. దాన్ని దాటలేక అక్కడే నిలబడిపోయాను. చాలాసేపటికి అక్క వచ్చి కాలితో దాన్ని సరిచేసి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే నేను చెప్పులేసుకుంటుంటే అక్క కూడా వచ్చింది. వద్దనలేదు.

సెలూన్లో ఎవరూ లేరు. ఆయన దువ్వెనలు కడిగి తువ్వాలు మీద ఆరబెడుతున్నాడు. ఉన్నది ఒక్కటే కుర్చీ, గెడ్డాలు గీసేది. "కూర్చోండమ్మా" అన్నాడు మొహమాటంగా. అక్క వెళ్ళి అందులో కూర్చుంది. ఆయన అలవాటుకొద్దీ వెనక నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు అద్దంలోనే చూసుకున్నారు.

దారిలో అనుకున్న దెబ్బలాటంతా నా నోట్లోనే ఉండిపోయింది. ఫారాలు తప్పుపడ్డ సంగతి ముందు చెప్పాను, మార్చి కుట్టిస్తానన్నాను. ఆయన వినీ విననట్టు తలూపాడు. తర్వాత అడిగాను. "అన్నయ్యా, బ్రేకుని మేనత్త అని మీకెవరు చెప్పారు?"

ఆయన చేతిలో దువ్వెన ఆగిపోయింది. అక్క వంక అద్దంలో చూశాడు. ఆవిడెవరో అప్పుడే తెలిసింది ఆయనకి. బావ రోజూ వచ్చిన చోటికి అక్క ఎప్పుడూ రాలేదు కదా. నన్నంటే బైండింగమ్మగా తెలుసు గానీ, మేం అక్కచెల్లెళ్ళమని ఎలా తెలుస్తుంది?

"రోజూ వచ్చేవాడమ్మా" అన్నాడు. "కొన్నాళ్ళు ఏమీ మాట్లాడలేదు. ఒకరోజు ముఖానికి నురగ పూశాక కళ్ళు మూసుకుని మొదలెట్టాడు. నురగ ఉన్నంతసేపే చెప్పేవాడు. తుడిచేశాక మళ్ళీ మామూలే, లేచి వెళ్ళిపోయేవాడు. రోజూ గీస్తే చర్మం ఏం కావాలి? ఎర్రగా పొక్కింది. రేపు రావద్దు, గీయడానికేం లేదు అన్నాను. కత్తి వద్దులే, నురగ పూయి చాలు అన్నాడు. అలాగే పూసేవాణ్ణి. ఆ చెప్పూ, ఆ పిల్ల అడిగిందీ, అన్నీ ఆయన చెప్పినవే. రాత్రుళ్ళు కలలో కుట్టేవాడట ఆ పిల్లని."

తువ్వాలు మడత సరిచేశాడు. "ఆయన పోయాక అదంతా నాలో ఉండిపోయింది. ఎవరి ముఖానికి నురగ పూసినా ఆ గొంతే వినిపించేది, కత్తి పట్టలేకపోయేవాణ్ణి. అందుకు రాశాను. ఆ ఒక్కటే రాస్తే ఎవరి సంగతో తెలిసిపోతుందని చుట్టూ మిగతా గదులు కట్టాను. చివర్లో నీళ్ళు పోసి మరిపించడం మాత్రం నా సొంతం. నాకోసం రాసుకున్నాను. తప్పయితే క్షమించండి."

అక్క అద్దంలోంచి కళ్ళు తిప్పలేదు. అంతసేపట్లో మొదటిసారి నోరు విప్పింది.

"నాకెందుకు చెప్పలేదో చెప్పాడా?"

ఆయన కడిగిన దువ్వెననే మళ్ళీ తుడిచాడు.

"చెప్పాడమ్మా."

"ఏమన్నాడు?"

"ఇంట్లో చెప్పలేను అన్నాడు. 'చెప్తే దానికీ కనపడుతుంది. నేనింటికెళ్ళి చూసుకునేది ఆ కళ్ళనే. వాటిల్లోకి కూడా ఆ పిల్ల వస్తే ఇంక నేనెటు చూడాలి' అన్నాడు."

క్రాపుకి ఎవరో గుమ్మం దాకా వచ్చి, కుర్చీలో ఆడమనిషిని చూసి వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. అక్క చేతులు రెండూ కుర్చీ పిడుల మీద ఆనించి కూర్చుంది. ఏడుస్తుందేమోనని దగ్గరికి వెళ్ళాను. ఏడవలేదు. గొంతులో కోపం ఉంది, బావతో పోట్లాడేటప్పుడు ఉండే కోపం. బావ పోయాక నేనా గొంతు విననే లేదు.

"చూశానుగా" అంది, అద్దంలోకి. "వేళ్ళు కుట్టడం దగ్గర్నుంచీ అంతా చూశాను. ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. చచ్చానా? కళ్ళు పోయాయా? నాతో ఒక్క మాట అంటే, ఆ నురగేదో నేను పూసేదాన్ని కాదా?"

  అక్క ఆ కుర్చీలోంచి చాలాసేపు లేవలేదు.